నల్ల బనాతు మీద నల్ల కుట్టు

మేస్త్రీ బనాతు మీద అరచెయ్యి పెట్టి, నూగు వాలిన వైపుకి ఒకసారి, దానికి ఎదురుగా ఒకసారి నిమిరాడు. వాలుగా నిమిరితే గుడ్డ పిల్లి వీపులా చేతి కిందనుంచి జారింది. ఎదురు నిమిరితే వేళ్ళకి అడ్డుపడింది. నూగు పైనుంచి కిందికి దిగేలా గుడ్డని బల్ల మీద తిప్పుకుని, తడిగుడ్డ పరిచి, ఇస్త్రీ పెట్టెని లాగకుండా ఎత్తి ఎత్తి ఆనించాడు. నల్లగుడ్డ మీద పెట్టె లాగితే మెరుపు పడుతుంది. మెరుపు పడితే ఆ గుడ్డ ఈ పనికి చెడినట్టే.

ఆవిరి ఆరాక సరిగ్గా నడిమధ్యన గుడ్డలోంచి బల్లకి చిన్న మేకు దింపాడు. ఆ చిల్లు ఎలాగూ తర్వాత అక్కడ కుట్టే బొత్తాం కిందికి పోతుంది. మేకుకి దారం కట్టి, దారం రెండో కొసకి సన్నగా చెక్కిన సుద్దముక్క కట్టి, ఒక గుండ్రం గీశాడు. దారం పెంచి దాని చుట్టూ ఇంకొకటి, దాని చుట్టూ మరొకటి. సుద్దగీత మీద సూది నడవడం మొదలైంది. నల్ల బనాతు, నల్ల దారం.

బజారులో అతన్ని నల్లకోటు మేస్త్రీ అంటారు. వకీళ్ళ కోట్లు కుట్టీ కుట్టీ ఆ పేరు వచ్చింది. తెల్లచొక్కా కుట్టేవాడు తప్పు చేస్తే కనపడుతుంది, నల్లకోటు కుట్టేవాడికి తప్పు కనపడదు, కానీ వేసుకున్నవాడికి గుచ్చుకుంటుంది అని అతని మాట. పని ఎవరి దగ్గరా పూర్తిగా నేర్చుకోలేదు. పాత కోట్లు విప్పి, లోపల ఏ ముక్క ఎక్కడ కూర్చుందో చూసి, మళ్ళీ కుట్టి నేర్చుకున్నాడు. అందుకే అతనికి కుట్టడం ఎంత వచ్చో విప్పడమూ అంత వచ్చు.

ఈ బనాతు పని మాత్రం కోటు కాదు. అంతకు ముందు వారం కంటి ఆసుపత్రి సిస్టర్ కొట్టు మెట్లెక్కి వచ్చింది. పేటలో ఉచితంగా కళ్ళు పరీక్ష చేసే శిబిరం పెడుతున్నారని, దానికో గుడ్డ కావాలని అడిగింది.

"నల్లగుడ్డ మీద నల్లకుట్టు కావాలి మేస్త్రీ గారూ. ఎదురుగా కూర్చున్న మనిషికి కుట్టు కనపడకూడదు. పక్కన నిలబడ్డ నాకు కనపడాలి."

"దొంగకి కనపడకుండా ఇంటాయనకి మాత్రం కనపడే తాళం కావాలన్నట్టుందమ్మా."

"సరిగ్గా అంతే," అంది సిస్టర్, నవ్వకుండా. అంచులు ఎలుకలు కొరికేసిన పాత గుడ్డని సంచీలోంచి తీసి బల్ల మీద పరిచింది. మనిషిని మీటరు దూరంలో కూర్చోబెడతారు. ఒక కన్ను మూసి, రెండో కంటితో గుడ్డ మధ్యలో ఉన్న తెల్ల బొత్తాం వైపే చూడమంటారు. తను నల్లటి పుల్లకి తెల్ల తల ఉన్న గుండుసూది గుచ్చి, దాన్ని గుడ్డ మీద మెల్లగా జరుపుతుంది. ఎక్కడ కనపడిందో, ఎక్కడ మాయమైందో మనిషి చెబుతాడు. అది ఎంత దూరంలో మాయమైందో తనకి తెలియడానికే ఈ కుట్లు. ఆసుపత్రిలో దీనికి మిషన్ ఉంది గానీ, దాన్ని గోడ దగ్గరనుంచి కదపలేరు.

"దేనికమ్మా ఇదంతా?"

"నీటికాసులకి. కంట్లో ఒత్తిడి పెరిగి వెనకనున్న నరాన్ని తినేస్తుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. మనిషికి తెలిసేసరికి సగం పోయి ఉంటుంది."

సిస్టర్ ఒక కాగితం కూడా ఇచ్చింది. గుండ్రాలు కాక, బొత్తానికి కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి, నిలబెట్టిన గుడ్డు ఆకారాలు గీసి ఉన్నాయి దాని మీద. ఒక్కోటి అరచెయ్యంత ఉంది.

"ఇవేమిటి?"

"ప్రతి మనిషికీ కంట్లో ఒక చోట చూపుండదు. నరం కంట్లోకి దిగేచోటు అది. సూది అక్కడికి రాగానే మాయమవుతుంది. జబ్బు కాదు, అందరికీ ఉంటుంది. కుడికంటికి కుడివైపు, ఎడమకంటికి ఎడమవైపు."

అప్పుడు గదిలో ఒక మూల మేస్త్రీ తమ్ముడు ఇస్త్రీ చేస్తున్నాడు. అన్న కుట్టినవన్నీ ఇస్త్రీ చేసేదీ, ఇంటింటికీ ఇచ్చి వచ్చేదీ అతనే. "అంటే మనందరం కొంచెం కొంచెం గుడ్డివాళ్ళమే అన్నమాట," అన్నాడు.

"నన్ను పక్కన పెట్టుకుని కొంచెం అనకురా," అంది ఇంకో మూలనుంచి వాళ్ళమ్మ.

ఆమెకి చూపు పోయి చాలా ఏళ్ళయింది. రోజంతా బొత్తాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళతో తడిమి, నాలుగు చిల్లులవి ఒక గిన్నెలో, రెండు చిల్లులవి ఒక గిన్నెలో వేస్తుంది. సిస్టర్ ఆమె దగ్గరికి వెళ్ళి, కూర్చుని, చిన్న టార్చితో కళ్ళలోకి చూసింది.

"పెద్దమ్మకి ఎప్పుడు పోయింది చూపు?"

"వయసు మీద పడ్డాకే అమ్మా. శుక్లాలు ముదిరిపోయాయన్నారు," అన్నాడు మేస్త్రీ.

"ఎవరన్నారు?"

మేస్త్రీ ఆలోచించాడు. అందరూ అన్నారు. ఎవరన్నారో గుర్తులేదు.

సిస్టర్ టార్చి ఆర్పి లేచింది. "శిబిరానికి మీరందరూ రావాలి. ఇద్దరన్నదమ్ములూ తప్పకుండా."

"నాకు ఏ ఇబ్బందీ లేదమ్మా. పేపర్లో సన్నక్షరాలు కూడా చదువుతాను," అన్నాడు తమ్ముడు.

"ఇబ్బంది లేదంటున్నారనే రమ్మంటున్నాను."

ఆమె వెళ్ళిపోయాక తమ్ముడు పెట్టె ఎత్తి, "నొప్పి ఉంటే రమ్మంటారు, లేకపోయినా రమ్మంటారు. వీళ్ళకి మందులు అమ్ముడుపోవాలి," అన్నాడు. మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూ లేచి, కోట్లు వేలాడదీసే కర్రకి నుదురు కొట్టుకున్నాడు.

"ఆ కర్రకి నీమీద పగ ఉన్నట్టుంది అన్నయ్యా."

"కర్రకి కాదు, ఈయనకే దానిమీద," అంది మేస్త్రీ భార్య, కాజాలు కుడుతూ తల ఎత్తకుండా. "ఏళ్ళ తరబడి అక్కడే వేలాడుతోంది. ఈమధ్యే ఈయన పొడుగు పెరిగారు."

గుండ్రాలు కుట్టడం అయిపోయింది. కుట్టు నూగులో మునిగిపోయింది. దగ్గరికి వెళ్ళి పక్కనుంచి చూస్తే సన్నటి గాడి కనపడుతుంది, మీటరు దూరం జరిగితే గుడ్డ ఒక్కటే కనపడుతుంది. మధ్యలో పెట్టడానికి తెల్ల బొత్తాం కావాలంటే వాళ్ళమ్మ డబ్బాలో చెయ్యి పెట్టి ఒకటి తీసి ఇచ్చింది. "చిప్ప బొత్తాం. ప్లాస్టిక్‌ది మెరుస్తుంది. ఇది మెరవదు," అంది. మెరుపు ఎలా ఉంటుందో ఆమెకి ఇంకా గుర్తుంది.

ఇక మిగిలినవి ఆ రెండు గుడ్లు.

కాగితం మీద వాటి కొలతలున్నాయి. సుద్దతో అలాగే గీసి కుట్టెయ్యొచ్చు. కానీ మేస్త్రీ ఏ పనీ ట్రయల్ చూడకుండా ముగించడు. టేపు అబద్ధం చెప్పదు, నిజం మొత్తమూ చెప్పదు. టేపు ప్రకారం కోసిన కోటు మనిషి ఒంటి మీద పడ్డాకగానీ, ఏ భుజం కిందికుందో, ఏ చెయ్యి ముందుకొస్తుందో బయటపడదు. కాగితాన్ని నమ్మి కుట్టిన కోటు కాగితానికే సరిపోతుందని తమ్ముడికి చెబుతుంటాడు. అందుకని గుడ్డని గోడకి వేలాడదీసి, మీటరు దూరంలో స్టూలు వేసుకుని కూర్చున్నాడు. భార్య కాజాలు పక్కన పెట్టి పుల్ల పట్టుకుంది.

ముందు కుడికన్ను మూసుకున్నాడు. ఎడమకంటికి, సూది ఎడమవైపు వెళుతూ వెళుతూ ఒకచోట మాయమైంది. కొంచెం ఆగి మళ్ళీ కనపడింది. "భలే ఉందే," అన్నాడు. మాయమైనచోటా, తిరిగొచ్చినచోటా భార్య సుద్దతో చుక్కలు పెట్టింది. చుక్కలు కలిపితే కాగితం మీది గుడ్డు వచ్చింది, ఒక పక్క కాస్త లావుగా.

తర్వాత ఎడమకన్ను మూసుకున్నాడు. సూది కుడివైపు వెళ్ళి మాయమైంది. అక్కణ్ణుంచి భార్య దాన్ని పైకి జరిపింది.

"వచ్చిందా?"

"లేదు."

ఇంకా పైకి, బొత్తాం మీదుగా ఎడమవైపుకి జరిపింది.

"ఇప్పుడో?"

"ఏదీ, ఎక్కడుందీ?"

"ఏమండీ, ఇక్కడే ఉంది. బొత్తానికి జానెడు పైన. మీ ఎదురుగానే."

మేస్త్రీ లేచి గుడ్డ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ సూది ఉంది. వెనక్కి వెళ్ళి కూర్చుని బొత్తాం చూశాడు. సూది లేదు.

"అక్కడ గుడ్డ మింగేస్తోంది. నూగు పైకి లేచినట్టుంది," అన్నాడు. బ్రష్ తెచ్చి దువ్వాడు. మళ్ళీ చూశాడు. లేదు. గుండుసూది తల మీద తెలుపు పోయిందేమో అని వేరే సూది గుచ్చాడు. లేదు. "దీపం సరిగా లేదు. ఆ దీపం మీద దుమ్మెంతుందో చూడు, తుడవమని ఎన్నిసార్లు చెప్పాలి నీకు," అని భార్యని విసుక్కున్నాడు. ఆమె బల్లెక్కి బల్బు తుడిచింది.

మూలన బొత్తాల చప్పుడు ఆగిపోయింది.

"ఒరే, దీపం మంచిదేనా?" అంది వాళ్ళమ్మ.

"మంచిదేనమ్మా. కొత్తదే."

 ఆమె చెయ్యి డబ్బాలోనే ఉంది గానీ వేళ్ళు కదల్లేదు. ఆమె అనుమానం ఆమెకుంది. నోట్లోంచి బయటికొస్తే నిజమైపోతుందని మింగింది.

మేస్త్రీ గుడ్డని పూర్తిగా తలకిందులు చేసి వేలాడదీశాడు. లోపం గుడ్డలో ఉంటే గుడ్డతోపాటు కిందికి పోవాలి. పోలేదు. సూది మళ్ళీ పైనే మాయమైంది. అయితే గుడ్డ తప్పు కాదు, నూగు తప్పు కాదు. కాగితం తీసి చూశాడు. కాగితం చెప్పినట్టు కుడివైపు గుడ్డు ఉంది, నిజమే. కానీ అది అక్కడ ఆగలేదు. గుడ్డు కొసనుంచి పైకి లేచి, బొత్తాం నెత్తి మీదుగా వంగి, ముక్కు వైపుకి దిగింది, కొడవలిలా.

అప్పుడతను ట్రయల్ చూసే మనిషి ఆలోచించినట్టే ఆలోచించాడు. ప్రతి మనిషికీ చూపులేని చోటు ఉంటుందని సిస్టరే చెప్పింది. కాగితం మీద రెండూ సమానంగా గీశారంటే, అది చేత్తో ఉజ్జాయింపుగా గీసిన బొమ్మ. ఏ మనిషికీ రెండు భుజాలూ సమానంగా ఉండవు. కుడిచేత్తో పనిచేసేవాడి కుడిభుజం ఎప్పుడూ జారే ఉంటుంది. ఇన్నేళ్ళలో సమానమైన భుజాలు ఒక్కటీ చూడలేదు తను. కళ్ళు మాత్రం సమానంగా ఎందుకుండాలి? ఎడమ చిన్నది, కుడి పెద్దది.

భార్య చుక్కలు పెట్టింది. మేస్త్రీ వాటిని కలిపి, చంక కోత తిప్పినంత నునుపుగా గీత తిప్పి, ఆ కొడవలిని సన్నటి కుట్టుతో కుట్టాడు. ఈ గుడ్డ మొత్తంలో అన్నిటికంటే అందంగా వచ్చిన కుట్టు అదే.

సిస్టర్ చూడ్డానికి వచ్చింది. తమ్ముడు కోట్లు ఇవ్వడానికి వెళ్ళాడు. సిస్టర్ టేపు తీసి గుండ్రాలు కొలిచి, తల ఊపింది. దూరంగా జరిగి చూసింది, కుట్టు కనపడలేదు. దగ్గరికొచ్చి చూసింది, కనపడింది. "పాతదానికంటే బాగుంది," అంది. ఎడమవైపు గుడ్డు మీద వేలు పెట్టి, లావుగా ఉన్నచోట కాసేపు ఆగింది. తర్వాత కుడివైపుకి వచ్చింది. వేలు కుట్టు వెంబడి పైకి వెళ్ళింది, వంగింది, బొత్తాం దాటింది, ముక్కు వైపున దిగి ఆగింది.

"ఇది ఎవరు గీశారు?"

"నేనే అమ్మా. మీ కాగితంలో కొంచెం తేడా ఉంది. ట్రయల్ చూసి సరిచేశాను."

"ఎవరి మీద చూశారు?"

"నా మీదే."

సిస్టర్ చేతిసంచీ కింద పెట్టింది. "ఒకసారి కూర్చోండి," అంది. తన పుల్ల తను తీసింది. మెల్లగా జరుపుతూ పోయింది. మేస్త్రీ లేదు అన్నప్పుడల్లా సూది సరిగ్గా అతని కుట్టు మీద ఉంది. తర్వాత మేస్త్రీ భార్యని కూర్చోబెట్టింది. ఆమెకి సూది గుడ్డులో మాయమై, గుడ్డు దాటగానే కనపడింది. పైకి జరిపితే కనపడుతూనే ఉంది. "ఉంది... ఉంది... ఉంది," అంటూ ఆమె బొత్తాం వదిలి భర్త వైపు చూసింది.

"మేస్త్రీ గారూ," అంది సిస్టర్. "మీరు ట్రయల్ తప్పు చూడలేదు. కుట్టు తప్పు లేదు. కానీ ఇది అందరి కన్ను కాదు. మీ కన్ను."

"నేను సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తాను."

"ఎక్కిస్తారు. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది. అందుకే ఎవరూ రారు. సూదిలో దారం ఎక్కించే మనిషి కంటి డాక్టరు దగ్గరికి ఎందుకొస్తాడు?"

"నల్లపని కదమ్మా. నల్లదారం కళ్ళు తినేస్తుందని అంటారు."

"దారం ఏమీ చెయ్యదు. సున్నం వేసేవాడికీ వస్తుంది, పాలు పితికేవాడికీ వస్తుంది. ఎక్కువగా రక్తసంబంధంలో ఒకరికుంటే ఇంకొకరికి వస్తుంది." ఆమె మూల వైపు చూడలేదు. చూడకపోవడమే అందరికీ కనపడింది.

"నేనూ దీపమే అనుకున్నాను," అంది వాళ్ళమ్మ.

మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు.

"లాంతరు చిమ్నీకి మసి పట్టిందని మీ నాన్నని రోజూ తిట్టేదాన్ని. పాపం ఆయన రోజూ తుడిచేవాడు. ముగ్గేసి మరీ తోమేవాడు. అయినా తిట్టేదాన్ని. ఆఖరికి ఒకరోజు, దీపం ఇంకా వెలిగించలేదేమిటని అడిగాను. వెలిగించి అప్పటికే చాలాసేపయిందట. ఆయన చెప్పలేదు. అప్పుడే వెలిగిస్తున్నట్టు అగ్గిపుల్ల గీశాడు." ఆమె డబ్బా మూత పెట్టింది. "మొన్న నువ్వు మీ ఆవిణ్ణి దీపం గురించి విసుక్కుంటుంటే, నా గొంతే విన్నట్టుంది నాకు."

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళారు. కంట్లో చుక్కలు వేశారు, చల్లటి గాజుముక్క ఆనించి ఒత్తిడి కొలిచారు, కదపలేని ఆ మిషన్ ముందు గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. మిషన్‌లోంచి వచ్చిన బొమ్మలో కొడవలి ఉంది. మేస్త్రీ కుట్టింది తెచ్చి దానిమీద పరిస్తే అంచులు కలిసేలా ఉంది. ఎడమకంట్లోనూ మొదలైంది. గుడ్డు ఒక పక్క లావుగా రావడం అదే.

డాక్టరు నెమ్మదైన మనిషి. అడిగినవాటికి అడిగినంతే చెప్పాడు.

"పోయింది తిరిగొస్తుందా అయ్యా?"

"రాదు."

"ఆపరేషన్ చేసినా?"

"ఆపరేషన్ చేసినా రాదు. ఉన్నదాన్ని నిలబెట్టడానికే ఏదైనా."

"ఉన్నది ఉంటుందా?"

"మందు ఒక్కరోజు కూడా మానకపోతే ఉండే అవకాశం ఎక్కువ. మాట ఇవ్వలేను."

వాళ్ళమ్మని కూడా చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. అదే జబ్బు అన్నాడు. ఏళ్ళ క్రితం వచ్చి ఉంటే అని మొదలుపెట్టి, మిగతాది మానుకున్నాడు. "చెప్పండి బాబూ, నాకేం ఫరవాలేదు. ఇప్పుడు నేనెవర్నని తిట్టను," అంది ఆమె.

ఆ తర్వాత మేస్త్రీ కొట్లో కూర్చున్నాడు గానీ సూది పట్టలేదు. ఒక కన్ను మూసి ఎదుటి గోడ చూసేవాడు. అతనికి అర్థం కానిది ఒక్కటే. చూపు లేనిచోట నల్లగా ఉండాలి కదా. నల్లగా ఉంటే ఎప్పుడో తెలిసేది. నలుపంటే తెలియని మనిషా తను? కానీ అక్కడ నలుపు లేదు. గోడ గోడలాగే ఉంది, సున్నం సున్నంలాగే ఉంది. దానిమీది మేకు మాత్రం లేదు. చిరుగుకి వెనకనుంచి అదే రంగు ముక్క పెట్టి, ఎవరికీ తెలియకుండా అతికినట్టుంది. అంత నైపుణ్యంగా అతికింది ఎవరో కాదు, తన బుర్రే.

చుట్టుపక్కల కొట్లవాళ్ళు వచ్చి పలకరించారు. నల్లపని మానెయ్యమని ఒకరు, కళ్ళద్దాలు మార్చమని ఒకరు. చూపు బాగానే ఉన్నప్పుడు చుక్కలు వేస్తే లేని జబ్బు వస్తుందని ఒకాయన. ఆ మాటలకి తల ఊపడం ఆపలేక మేస్త్రీ మెడ నొప్పెట్టింది.

భార్య పొద్దున చుక్కలు వేసింది, సాయంత్రం చుక్కలు వేసింది. వేసేటప్పుడు అతని గడ్డం కింద ఆమె చెయ్యి, కాలరు పట్టీ కొలిచేటప్పుడు పెట్టినట్టు ఉండేది.

"ఎన్నాళ్ళు వేస్తావు ఇలా?"

"మీరెన్నాళ్ళు కుడతారో అన్నాళ్ళు."

తమ్ముడు మాత్రం శిబిరం మాట ఎత్తితే బయటికి నడిచేవాడు. "నీకుంటే నాకుండాలా? నీకు బట్టతల వచ్చింది, నాకు వచ్చిందా?" అన్నాడొకసారి. ఆ మాటకి ఇంకెప్పుడైనా అయితే వదిన ఏదో ఒకటి అనేది. ఈసారి ఎవరూ నవ్వకపోతే, అతనే ఇస్త్రీ గుడ్డ తడుపుకోవడానికి లేచాడు.

శిబిరం దగ్గర పడింది. గుడ్డ సరిచెయ్యమని సిస్టర్ అడగలేదు. అడగదని మేస్త్రీకి తెలిసింది. గుడ్డ దించి బల్ల మీద పరిచాడు. పల్చటి కాగితం ఒకటి దానిమీద వేసి, కుట్టు వెంబడి పళ్ళచక్రం దొర్లించాడు. కాగితం మీద చుక్కల కొడవలి పడింది. దాన్ని కత్తిరించి, ఖాతాదారుల నమూనాలు తగిలించే మేకుకే తగిలించాడు. భుజం జారిన వకీళ్ళ నమూనాల పక్కన తనది.

"అదేమిటన్నయ్యా?"

"నా కొలత. ఆరునెలలకోసారి మళ్ళీ కొలుస్తారట. పెరిగిందో లేదో చూడాలి."

తమ్ముడు ఆ కాగితం వైపు చూశాడు. పెట్టె చేతిలోనే ఉంది. కింద గుడ్డ కాలే వాసన వచ్చేదాకా చూశాడు.

మేస్త్రీ కొడవలి విప్పడం మొదలుపెట్టాడు. బనాతు మీద కుట్టు విప్పడం కుట్టడం కంటే కష్టం. దారం లాగితే నూగు ఊడొస్తుంది, నూగు ఊడితే చిల్లు తెల్లగా కనపడుతుంది. ఒక్కో పోగు కింద సూది మొన దూర్చి, ఎత్తి, తుంచి, చిన్న పట్టకారుతో పైకి తీశాడు. తీసినచోటల్లా ఆవిరి పట్టి, గోటితో నూగు పైకి లేపాడు. పూర్తయ్యాక భార్యని పిలిచి, ఎక్కడుండేదో చెప్పమన్నాడు. ఆమె వెతికి, తెలియడం లేదంది.

తర్వాత కాగితం ముందు పెట్టుకున్నాడు. టేపు తీశాడు. బొత్తాంనుంచి ఎంత దూరమో, ఎంత కిందికో, వెడల్పెంతో, ఎత్తెంతో, కాగితం చెప్పింది చెప్పినట్టు కుడివైపు గుడ్డు గీశాడు. ఎడమవైపు లావుగా వచ్చిన పక్క కూడా విప్పి, సన్నం చేసి కుట్టాడు. రెండూ సమానం. ఇన్నేళ్ళ పనిలో సమానమని ఒప్పుకోవడం ఇదే మొదలు.

ట్రయల్ కావాలి. ఈసారి భార్య స్టూలు మీద కూర్చుంది. పుల్ల అతను పట్టుకున్నాడు.

"పోయింది," అంది.

సూది సరిగ్గా కుట్టు మీద ఉంది.

"వచ్చింది."

రెండో పక్కా కుట్టు మీదే. అతను పుల్లని బొత్తాం మీదుగా పైకి జరిపాడు. అంతకు ముందు తన కొడవలి ఉన్నచోటు అది. అక్కడ చెయ్యి ఆగింది.

"ఉందండీ," అంది ఆమె, అడగకుండానే. "అక్కడ ఉంది."

"నువ్వు ఉందంటే ఉన్నట్టే," అని మేస్త్రీ పుల్ల దించాడు.

శిబిరం రోజున హాలు నిండా జనం. కళ్ళద్దాల బల్ల దగ్గర వరస, శుక్లాల బల్ల దగ్గర వరస. చివరి గదిలో సిస్టర్ వేసిన కుర్చీ ఒక్కటే ఖాళీ. అక్షరాల చార్టు చివరి వరస చదివేసినవాళ్ళు, ఇక తమకి పని లేదని గర్వంగా గుమ్మం దాటి పోతున్నారు. ఒకామె వాళ్ళని వెనక్కి పిలుస్తోంది. ఇద్దరు వెనక్కి వచ్చారు, మిగతావాళ్ళు చెయ్యి ఊపి వెళ్ళిపోయారు.

మేస్త్రీ కర్రకి చుట్టిన గుడ్డ చంకలో పెట్టుకుని వచ్చాడు. మడత పెడితే గీత పడుతుందని చుట్టే తెచ్చాడు. గుమ్మంలో తలకాయ వంచాడు. గుమ్మం ఎత్తుగానే ఉంది గానీ, ఈమధ్య అన్నిచోట్లా వంచుతున్నాడు. గోడకి రెండు మేకులు కొట్టి, గుడ్డ దింపి, కిందికొస బరువు కోసం లోపల సన్నటి ఊచ దూర్చాడు. బొత్తాం కుర్చీలో కూర్చున్న మనిషి కంటి ఎత్తుకి వచ్చిందో లేదో చూశాడు. అరచేత్తో నూగుని ఒక్కసారి పైనుంచి కిందికి దిద్దాడు.

సిస్టర్ టేపుతో రెండు గుడ్లూ కొలిచింది. కుడివైపు గుడ్డుకి పైన, ఇప్పుడేమీ లేనిచోట, వేలితో తడిమింది. వేలికి ఏమీ తగల్లేదు.

"ఇక్కడేదో ఉండేదని ఎవరూ అనుకోరు," అంది.

"అనుకోకూడదమ్మా. వచ్చిన ప్రతివాడికీ నా కొలత పెడితే ఎలా?"

అప్పుడు వాళ్ళమ్మ లోపలికి వచ్చింది, చిన్నకొడుకు భుజం పట్టుకుని. ఆమెని తీసుకొచ్చినట్టు అతనూ, అతన్ని తీసుకొచ్చినట్టు ఆవిడా నడిచారు. ఆమె చెయ్యి చాచి, కుర్చీ వీపు తడిమి పట్టుకుంది.

"కూర్చోరా," అంది.

"అమ్మా, నువ్వు కూర్చో ముందు. నిలబడలేవు."

"నాకేం కనపడుతుందని ఈ కుర్చీలో? నువ్వు లేచేదాకా నిలబడే ఉంటాను. ఎంతసేపు నిలబెడతావో నీ ఇష్టం."

తమ్ముడు గుడ్డ వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని కూర్చున్నాడు. సిస్టర్ అతని ఎడమకంటి మీద దూది పెట్టి, పట్టీ కట్టింది. "బొత్తాం వైపే చూడండి. నావైపు చూడొద్దు," అంది.

మేస్త్రీ చేతిలో పుల్ల ఉంది. గుండుసూది తల మీద దుమ్ము ఉందేమో అని చొక్కా అంచుతో తుడిచి, మొన తనవైపు ఉంచుకుని, పిడి సిస్టర్‌కి అందించాడు. తన నీడ గుడ్డ మీద పడకుండా పక్కకి జరిగి నిలబడ్డాడు.